చేప పళ్ళను ఎంతవరకు నమ్మవచ్చును?

మరిపెడలో పెరిగిన విద్యార్థికి సముద్రము దూరమే గాని చేప దూరము కాదు. బొచ్చెచేప దవడలను తడిమి చూచినచో ఒక్క పన్నైనను తగులదు. దాని పళ్ళు గొంతులో ఉండును. వాలుగ నోరు తెరచినచో చేతిని గీరునట్టి పళ్ళ వరుసలు కనబడును. ఈ రెంటిని వేరుచేయుటకు పళ్ళే చాలును. లోతు సముద్రపు చేపలకును ఈ కొలబద్ద చాలునా?

'ఇన్వెస్టిగేటర్' అను సర్వే ఓడ బంగాళాఖాతము మొదలగు చోట్ల లోతులలో వలలు దింపి చేపలను సేకరించెను. 1888 నుండి 1892 వరకు అందులో వైద్యుడుగాను, ప్రకృతి శాస్త్రజ్ఞుడుగాను ఉన్న ఆల్ఫ్రెడ్ ఆల్కాక్, కలకత్తా ఇండియన్ మ్యూజియములోని ఆ చేపలపై 1899లో ఒక వివరణ గ్రంథమును వెలువరించెను. పళ్ళు దవడలపైననే గలవా, అంగిటి ఎముకలపై కూడ గలవా అని ఆయన ఓపికతో చూచెను. అంతటితో ఆగక వాజముల కిరణములను, పొలుసుల వరుసలను లెక్కించెను. ఈ గ్రంథమునకు విలువ తెచ్చినది ఈ జాగ్రత్తయే. మన తరగతులలో తరచు మొదటి సగము మాత్రమే మిగులుచున్నది: కోరలు చూపుట, పేరు చెప్పుట!

అయితే ఆనాటి వారికి ఒక చిక్కు తప్పలేదు. ఒకటి రెండు చచ్చిన చేపలను చూచియే జాతిని నిర్ణయించవలసి వచ్చెడిది. ఆనోప్లోగాస్టర్ సంగతి చూడుడు. పెరిగిన చేపకు ఎంత పొడవైన కోరలనగా, నోరు మూసినప్పుడు క్రింది కోరలు ఇముడుటకు మెదడుకు ఇరువైపుల గుంటలు కలవు. పిల్లచేపకు ఆ కోరలే లేవు. తలపై పొడవైన ముళ్ళు ఉండును. పిల్లకు 1833లో ఒక పేరు, పెద్దదానికి 1883లో మరియొక పేరు పెట్టిరి. రెండును ఒకే జాతి యని 1955 వరకు తేలలేదు. పళ్ళ భేదమును జాతిభేదముగా తీసికొన్న ఫలితమిది.

పళ్ళను బట్టి ఆహారమును ఊహించుటయు అంత భద్రము కాదు. మాలకోస్టియస్ అను నల్లచేపకు పెద్ద కోరలు కలవు. క్రింది దవడల నడుమ నోటికి అడుగే లేదు. పెద్ద ఎరను మ్రింగుటకే ఈ ఏర్పాటని ఎవరికైనను తోచును. 2005లో ప్రకటింపబడిన పరిశీలనలో దాని కడుపున ముఖ్యముగా దొరికినవి కోపిపాడ్లు, అనగా బియ్యపు గింజ కన్న చిన్నవైన నీటి జీవులు.

ఉపాధ్యాయులు ఈ పరీక్షను బొచ్చె, రోహు చేపలతో చేయవచ్చును. మొప్పల వెనుకనున్న గొంతు ఎముకను తీసి, ఉడికించి, మాంసము వదల్చినచో రెంటిలోను మూడేసి పళ్ళ వరుసలు కనబడును. తరువాత పెదవులను, తల పరిమాణమును పోల్చి చూడవలెను.