కారు పాటలో కూత ఎక్కడ పుడుతుంది?

ఇంజన్ ఆపి ఉన్నంతసేపూ పాట శుభ్రంగానే ఉంటుంది. స్టార్ట్ చేయగానే డోర్ స్పీకర్లలో సన్నటి కూత మొదలవుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే ఆ కూత పైకెక్కుతుంది, వదిలితే దిగుతుంది. ఉన్న యాంప్‌కు తోడు రెండోది బిగించుకున్న చాలామంది ఇదే ఫిర్యాదుతో దుకాణానికి తిరిగొస్తారు. కొత్త యాంప్ పాడై ఉంటుందనీ, మార్చి ఇమ్మనీ అడుగుతారు. చేయి తిరిగిన ఎలక్ట్రీషియన్ మాత్రం యాంప్‌ను కదపడు. ముందు దాని నల్ల వైరు ఎక్కడ బిగించారో వెతుకుతాడు.

ఈ గొడవ కారులో పాట ఎంత పాతదో అంత పాతది. 1930లో అమెరికా వ్యాపారి పాల్ గాల్విన్ తన స్టూడ్‌బేకర్ కారులో రేడియో బిగించుకుని అట్లాంటిక్ సిటీలో జరిగిన రేడియో తయారీదారుల సమావేశానికి వెళ్లాడు. మోటరోలా పేరు ఆ రేడియోతోనే మొదలైంది. ఆ రోజుల్లో బిగించేవాళ్లకు పెద్ద తలనొప్పి స్పార్క్ ప్లగ్గుల చిటపట. ప్లగ్గు వైర్లకు రెసిస్టర్లు, జనరేటరుకు కండెన్సర్లు పెట్టి దాన్ని అణచేవారు. తర్వాత ఆల్టర్నేటర్లు వచ్చాయి, డిక్కీలోకి యాంప్‌లు చేరాయి. శబ్దం మారింది కానీ దాన్ని పట్టుకునే పద్ధతి మారలేదు. ఎక్కడ పుడుతోందో తేల్చేదాకా ఒక్కో ముక్కనే విడదీస్తూ పోవాలి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల కుర్రాళ్లు ఈ విద్యను మేస్త్రి పక్కన నిలబడి నేర్చుకుంటారు.

చాలాసార్లు కూతకు మూలం ఎర్త్‌లో ఉంటుంది. కారు బాడీ మొత్తం బ్యాటరీ నెగెటివ్‌కు కలిసి ఉంటుంది కదా, నల్ల వైరు ఎక్కడ బిగిస్తేనేం అనిపిస్తుంది. కానీ రేకుకు, అతుకులకు, బోల్టులకు ఎంతో కొంత రెసిస్టెన్స్ ఉంటుంది. డెక్ ఎర్త్ డాష్‌బోర్డు వెనక, ఒక యాంప్ ఎర్త్ సీటు బోల్టు దగ్గర, ఇంకోదాని ఎర్త్ డిక్కీ మూలన ఉంటే, ఆ మూడు చోట్లా వోల్టేజి ఒక్కటిగా ఉండదు. ఆ తేడా వల్ల డెక్ నుంచి యాంప్‌కు పాటను మోసే ఆర్‌సీఏ కేబుల్ షీల్డు గుండా కరెంటు పారుతుంది. ఆల్టర్నేటర్ అలజడి కూడా ఆ దారినే పాటలో కలుస్తుంది. అందుకే రెండు యాంప్‌ల ఎర్త్‌లనూ ఒకే చోటికి తేవాలి. పెయింటు గీకి రేకు మెరిసేదాకా శుభ్రం చేసి, పవర్ వైరంత లావు వైరుతో, మూరెడు పొడవు దాటకుండా బిగించాలి. సీటు బోల్టు ఎర్త్‌కు పనికిరాదు. దాని కింద పెయింటు, గమ్ము ఉంటాయి.

అనుమానం తీరాలంటే ఒక పరీక్ష ఉంది. మల్టీమీటర్ నల్ల పిన్నును పొడవాటి వైరుతో బ్యాటరీ నెగెటివ్‌కు తగిలించాలి, ఎర్ర పిన్నును యాంప్ ఎర్త్ టెర్మినల్ మీద ఆనించాలి. పాట గట్టిగా మోగుతుండగా చూడాలి. 0.1 వోల్టు చుట్టుపక్కల ఉంటే ఎర్త్ బాగున్నట్టే. అర వోల్టు చూపిస్తే దొంగ దొరికినట్టే. పాట ఆపి కొలిస్తే ఏ ఎర్త్ అయినా మంచిదిగానే కనిపిస్తుంది. కరెంటు పారనిదే తేడా బయటపడదు.

ఎర్త్ సరిగ్గా ఉన్నా కూత పోకపోతే యాంప్ నుంచి ఆర్‌సీఏలు పీకాలి. అప్పటికీ కూత వస్తుంటే లోపం యాంప్ వైపు ఉంది. ఆగిపోతే ముందువైపు ఉంది. ఛార్జర్‌కు తగిలించని ఫోన్‌ను నేరుగా యాంప్‌కు కలిపి పాడిస్తే ఇంకా స్పష్టపడుతుంది. ఫోన్‌కు కారు ఎర్త్‌తో సంబంధం లేదు కాబట్టి పాట శుభ్రంగా రావాలి. అలా వచ్చిందంటే డెక్‌నో, కేబుల్ వెళ్లే దారినో అనుమానించాలి. ఈ కష్టమంతా పడకుండా ఆర్‌సీఏ మధ్యలో ఫిల్టర్ డబ్బా ఒకటి తగిలించి పంపేయడం కొందరికి అలవాటు. అది కూతను దాస్తుంది, చవకరకమైతే లోతైన బేస్‌నూ మింగేస్తుంది. జబ్బు మాత్రం అక్కడే ఉంటుంది.

పవర్ వైరు సంగతి లెక్కతో తేలుతుంది. 8 గేజ్ రాగి వైరు మీటరుకు రమారమి 2 మిల్లీఓమ్‌లు. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా 5 మీటర్లు అనుకుంటే 10 మిల్లీఓమ్‌లు. ఒక్క యాంప్ 30 ఆంపియర్లు లాగినప్పుడు 0.3 వోల్టు పోతుంది, అది ఇబ్బంది కాదు. అదే వైరు మీద 60 ఆంపియర్ల మోనో యాంప్ కూడా చేరితే 90 ఆంపియర్లకు 0.9 వోల్టు దారిలోనే ఆవిరవుతుంది. 4 గేజ్ వేస్తే నష్టం 0.4 వోల్టు లోపే. అల్యూమినియం మీద రాగి పూత వేసిన చవక వైరుకు ఈ లెక్క వర్తించదు, నష్టం అంతకు ఒకటిన్నర రెట్లుంటుంది. బేస్ దెబ్బ పడ్డప్పుడల్లా హెడ్‌లైట్లు మసకబారితే ఈ వైర్లను, ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఉన్న ఎర్త్ పట్టీని చూడాలి.

ఫ్యూజ్ యాంప్ కోసమని చాలామంది అనుకుంటారు. బ్యాటరీ పక్కన పెట్టేది వైరు కోసం. రేకుకు ఒరిసి ఇన్సులేషన్ తెగితే కారు తగలబడకుండా కాపాడేది అదే. పోతున్నకొద్దీ పెద్ద ఫ్యూజ్ వేసుకుంటూ పోవడమంత ప్రమాదం ఈ పనిలో మరొకటి లేదు. లావు వైరు రెండు సన్న వైర్లుగా చీలే చోట కూడా ఒక్కోదానికి ఒక్కో ఫ్యూజ్ ఉండాలి.

ఒక యాంప్ వెలిగి రెండోది వెలగకపోతే రిమోట్ వైరును కొలవాలి. డెక్ నుంచి వచ్చే ఆ నీలం వైరు నుంచి 300 మిల్లీఆంపియర్లకు మించి లాగకూడదని చాలా డెక్‌ల మాన్యువళ్లలో ఉంటుంది. రెండు యాంప్‌లకు అది చాలు. మూడో యాంప్, కూలింగ్ ఫ్యాన్ చేరాయంటే భారం రిలే మీద వేయాలి. రిమోట్ వైరు రిలే 86వ పిన్నుకు, ఎర్త్ 85కు, ఫ్యూజ్ ఉన్న బ్యాటరీ కరెంటు 30కి ఇచ్చి, 87 నుంచి అన్ని యాంప్‌లకూ పంచాలి.

అన్నీ వెలిగి, కూత లేకపోయినా బేస్ పలచగా ఉంటే ఊఫర్ల ప్లస్ మైనస్‌లు తారుమారై ఉంటాయి. ఒక ఊఫర్ ముందుకు తోస్తుంటే ఇంకోటి వెనక్కి లాగుతూ రెండూ ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. యాంప్ దగ్గర స్పీకర్ వైర్లు విప్పి ఒక పెన్సిల్ సెల్‌ను క్షణం పాటు తాకిస్తే చాలు. సెల్ ప్లస్‌ను వైరు ప్లస్‌కు ఇచ్చినప్పుడు కోన్ బయటికి ఉబకాలి, లోపలికి పోతే వైర్లు తిరగబడినట్టే.

ఇప్పటి కార్లలో ఒక కొత్త జాగ్రత్త చేరింది. చాలావాటికి బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ మీదే కరెంటును కొలిచే సెన్సర్ ఉంటుంది. యాంప్ ఎర్త్‌ను నేరుగా ఆ టెర్మినల్‌కు బిగిస్తే యాంప్ తాగే కరెంటు సెన్సర్ లెక్కలోకి రాదు, ఛార్జింగ్ తప్పుతుంది. అలాంటి కారులో ఎర్త్ బాడీకే బిగించాలి.