జోజప్పగారి ఆసుపత్రి

తల్లీ, మేరీ గ్లౌరీ, నిన్ను కన్నది గుంటూరు కాదు. 1887లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, బిరెగర్రాలో పుట్టావు. రాత్రి జపంలో డాక్టర్ల కోసం కూడా దేవుణ్ణి అడగమని మీ అమ్మ పిల్లలకు నేర్పింది. ఆ జపం ఎంత దూరం నడిచొచ్చిందో చూడు. మిరపకాయల ఘాటు గాలిలో కలిసే మా ఊళ్లో, ఎండ నిప్పులు చెరిగే మా నేల మీద వచ్చి ఆగింది!

మెల్‌బోర్న్‌లో 1910కే డాక్టరువి. కాలిన్స్ వీధిలో సొంత ప్రాక్టీసు, కళ్ల వైద్యంలో నైపుణ్యం, నగరంలో గౌరవం. 1915లో ఒక చిన్న పుస్తకం నీ చేతికొచ్చింది. ఆగ్నెస్ మెక్‌లారెన్ అనే స్కాట్లండ్ డాక్టరమ్మ కథ అది. మగడాక్టరు చెయ్యి పడకూడని ఘోషాలో, పురిటి మంచం మీదే ప్రాణాలు వదులుతున్న మన ఆడవాళ్ల గోడు అది. నువ్వు చదివి పక్కన పెట్టలేదు. ఇంకా చదువుకున్నావు. 1919లో ప్రసూతి, స్త్రీల వ్యాధులు, కంటి వైద్యాలలో ఎం.డి. చేతబట్టుకుని, మరుసటి జనవరిలో ఓడెక్కావు. 1920 ఫిబ్రవరిలో గుంటూరులో దిగావు.

గుంటూరుకు ఆడడాక్టరు అప్పటికి కొత్త కాదు. లూథరన్ మిషన్ డాక్టరు అన్నా కుగ్లర్ 1883లోనే వచ్చి వైద్యం మొదలుపెట్టింది. ఆమెకూ దండం పెట్టాకే నీ దగ్గరికి వస్తాను. నీది మరో కష్టం. మఠంలో చేరిన కన్య వైద్యం చెయ్యకూడదని, అందులోనూ పురుడు పొయ్యకూడదని ఆనాటి కతోలిక శ్రీసభ కట్టడి. పదిహేనవ బెనెడిక్ట్ పాపుగారు నీకు ప్రత్యేకంగా అనుమతి ఇచ్చారు. డచ్చి దేశం నుంచి వచ్చిన జె.ఎం.జె. (జీసస్, మేరీ, జోసెఫ్) సిస్టర్లలో ఒకరివై, తిరుహృదయ మరియగా మారి కూడా స్టెతస్కోపు విడవలేదు. మిగతా కన్యలందరికీ ఆ గొలుసు 1936లో గానీ తెగలేదు. నీ ఒక్కదానికి తెరిచిన తలుపు వెంట ఎందరు నడిచారు!

చిన్న మందులగది పెరిగి పెరిగి సెయింట్ జోసెఫ్ ఆసుపత్రి, మా జోజప్పగారి ఆసుపత్రి, అయింది. ఏళ్ల తరబడి అక్కడ డాక్టరువి నువ్వొక్కదానివే. నాటుమూలికల గుణం తెలుసుకున్నావు, పల్లెలకు వెళ్లి మంచాల పక్కన కూర్చున్నావు. అయితే తల్లీ, నిన్ను నేను కొలిచేది ఇంకో పనికి. నీకు తెలిసింది నీతో పోనివ్వలేదు. ఈ నేల ఆడపిల్లల్ని పిలిచి మందులు కలపడం, పురుడు పొయ్యడం, రోగిని చూసుకోవడం నేర్పించావు.

ఆ నేర్పు ఎంత చిన్న పనుల్లో ఉంటుందో! మరిగించిన నీళ్లు. గోళ్ల సందుల దాకా సబ్బు. బొడ్డు కొయ్యడానికి పొలం నుంచి తెచ్చిన కొడవలి కాదు, ఉడికించిన కత్తెర. కట్టడానికి ఉడికించిన దారం. ఏడో రోజుకల్లా పసికందును విల్లులా వంచేసే ధనుర్వాతం ఆ కత్తెర దగ్గరే ఆగిపోతుంది. అక్షరం రాని తల్లికి మందు సీసా ఇచ్చేటప్పుడు పక్కన అతికించిన కాగితపు గాట్లు చూపించి, పొద్దున ఈ గీత దాకా, సాయంత్రం ఈ గీత దాకా అని వేలు పెట్టి చెప్పాలి. అదీ వైద్యమే. డాక్టరు చేతికి ఎంత పుణ్యముందో ఆ వేలికీ అంతే ఉంది.

నర్సమ్మలారా, మీ ఉద్యోగాన్ని ఒకనాడు ఊరు తక్కువగా చూసింది. పరాయివాళ్ల నెత్తురు, చీము, మలమూత్రాలు ముట్టుకునే ఆడపిల్లకు పెళ్లెలా అవుతుందని గొణిగింది. ఆ గొణుగుడు వింటూనే రాత్రి డ్యూటీకి వెళ్లినవాళ్లు మీరు. తెల్లటి దుస్తులకు మచ్చ పడితే ఉతుక్కున్నారు గానీ మనసుకు పడనివ్వలేదు.

తల్లీ, 1943లో దేశంలోని కతోలిక ఆసుపత్రుల్ని ఒక సంఘంగా కూడగట్టింది నువ్వే. ఆ పని మధ్య కూడా ఒక వైద్య కళాశాల కావాలని కలగన్నావు. 1957 మే 5న, క్యాన్సర్‌తో, బెంగళూరులో కన్నుమూశావు. ఆరేళ్లకు, 1963లో, అదే ఊళ్లో సెయింట్ జాన్స్ వైద్య కళాశాల తరగతులు మొదలయ్యాయి.