పటం అంచున రాసిన మాట

నార్త్ కరోలినాలోని క్యారీలో నేల రూపం కంటికి చిక్కదు. ఎటు చూసినా పైన్ చెట్లే. హెమ్లాక్ బ్లఫ్స్‌లో స్విఫ్ట్ క్రీక్ పైన గట్టు అంచుకు వెళ్తే తప్ప ఇక్కడ ఇంత దిగుడు ఉందని తెలియదు. అందుకేనేమో, యూటా ఎడారి పీఠభూమి పాత పటాలంటే నాకు ప్రాణం. అక్కడ నేలను కప్పేది పెద్దగా ఏమీ లేదు. యూఎస్ జియోలాజికల్ సర్వే 1884 నుంచి వేసిన పటాలను ఇప్పుడు ఉచితంగా చూడనిస్తోంది. శని, ఆదివారాల్లో వాటిని తెరిచి, ఒకే ఎత్తున్న చోట్లను కలిపే ఒక్కో కాంటూరు రేఖ వెంట నెమ్మదిగా పోతుంటాను.

ఆ నేలను పటంలోకి ఎక్కించే పనిలో, 1872లో సర్వేయర్ ఆల్మన్ థాంప్సన్ బృందం డర్టీ డెవిల్ నదికి దారి వెతుకుతూ, ఏ పటంలోనూ లేని మరో నదిని చూసింది. అదే ఎస్కలాంటే. అక్కడి ఆదివాసులైన పాయూట్ జనానికి ఆ నదీ లోయలు తరతరాలుగా తెలుసు; పటానికే తెలియదు. అంతకుముందు చలికాలంలో ఆ బృందం యూటాలోని కానబ్ దగ్గర సుమారు 9 మైళ్ల ఆధార రేఖను కొలిచింది. ఆ ఒక్క రేఖ పక్కాగా వస్తే చాలు. శిఖరం నుంచి శిఖరానికి కోణాలు చూస్తూ త్రిభుజాలు కట్టుకుపోతే మిగతా దూరాలన్నీ లెక్కలో తేలతాయి. గుడారంలో గీసిన తొలి పటాన్ని 1873లో బృందంలోని 19 ఏళ్ల ఫ్రెడరిక్ డెలెన్‌బా రేకు గొట్టంలో పెట్టుకుని సాల్ట్ లేక్ సిటీకి చేర్చాడు.

1880ల నాటి ముద్రిత పటాల్లో అంగుళానికి దాదాపు 4 మైళ్లు. కాంటూరు రేఖకూ రేఖకూ మధ్య 250 అడుగుల ఎత్తు తేడా. అంటే 100 అడుగుల లోతున్న ఇరుకు లోయ కూడా రెండు రేఖల మధ్య ఆనవాలు లేకుండా పోవచ్చు. తర్వాతి తరం పటాల్లో ఆ అంతరం 40 అడుగులకు దిగాక, పాత పటంలో సాఫీగా ఉన్నచోట చీలికలు కనిపిస్తాయి. పాత పటం అబద్ధమాడలేదు. తన చూపు ఎంతవరకో అంచునే రాసి పెట్టింది.

ఫోన్‌లో పటాన్ని పెద్దది చేస్తూ పోతే ఇంకా ఇంకా తెలుస్తున్నట్టే ఉంటుంది. కానీ కొలత ఎప్పటిదో, ఎంత సూక్ష్మమో ఆ పటం మామూలుగా చెప్పదు. తనకు ఎంత తెలుసో చెప్పే పటాన్నే నేను నమ్ముతాను. మీ చేతికి ఏ పటం వచ్చినా ముందు సంవత్సరం, స్కేలు, కాంటూరు అంతరం చదవండి. దారి ఆ తర్వాత వెతకండి.