భాగవతమున గర్భశైశవములు: సప్తవధ్రి, దామోదరుఁడు

శ్రీమద్భాగవత తృతీయస్కంధమునఁ గపిలుఁడు తన తల్లియగు దేవహూతికి జీవుని గర్భవాసమును, జననమును, శైశవమును వివరించిన ఘట్టము సుప్రసిద్ధము. దీనిని నేఁడు రెండు విధములఁ జదువుచున్నారు. కొందఱు దీనిని ఆధునిక గర్భశాస్త్రమునకు ముందే వెలువడిన శాస్త్రముగాఁ బ్రశంసింతురు. మఱికొందఱు, స్త్రీగర్భమును నరకముగాఁ జిత్రించిన వైరాగ్యవచనమని త్రోసివేయుదురు. ఈ రెండు మతములును గ్రంథమును సగమే చూచినవి. తృతీయస్కంధమును దశమస్కంధముతోఁ గలిపి చదివినఁ గాని యీ ఘట్టము యొక్క తాత్పర్యము తేలదు. తెలుఁగున నీ రెండు స్కంధములును బోతన పేరనే వెలసినవి గావున నీ విచారము తెలుఁగు పాఠకునకు మఱింత యావశ్యకము.

మూలమునఁ జెప్పఁబడిన పరిణామక్రమ మిది. ఒక రాత్రికిఁ గలలము, అయిదు రాత్రులకు బుద్బుదము, పది దినములకు రేఁగుపండువంటి ముద్ద, ఆ పిమ్మటఁ బేశి లేక యండము. మొదటి నెలకు శిరస్సు. రెండవ నెలకుఁ గరచరణాదులు. మూఁడవ నెలకు గోళ్లు, రోమములు, ఎముకలు, చర్మము, స్త్రీపుంలక్షణములు. నాలవ నెలకు సప్తధాతువులు. అయిదవ నెలకు నాఁకలి దప్పులు. ఆఱవ నెల మావిచేఁ గప్పఁబడి కుక్షియొక్క కుడివైపునఁ గదలుట. ఏడవ నెల నెఱుక. పోతన యీ పట్టికను బద్యములఁ బెట్టక వచనముననే నడపెను. లెక్క చెప్పుటకు వచనమే తగును.

దీనిని నేఁటి శాస్త్రముతోఁ బోల్చినచోఁ గొన్ని యొప్పును, కొన్ని యొప్పవు. అయిదవ దినమునకుఁ బిండము లోపల ద్రవము నిండిన బుడగవంటి రూపమును బొందుట నిజము. నాలవ వారమునఁ జేతుల మొగ్గలు పొడసూపును. రెండవ మాసాంతమునకు వ్రేళ్లు విడివడును. మూఁడవ మాసారంభమునఁ దల దేహపుఁ బొడవులో నించుమించు సగముండి, పుట్టునప్పటికి నాలవ వంతగును. కావున శిరస్సును ముందుఁ జెప్పుట కంటికిఁ గనఁబడినదానినే చెప్పుట. గర్భస్రావములఁ జూచినవారి కీమాత్ర మెఱుకపడును. కాని నాలవ వారముననే స్పందింప నారంభించు హృదయమును మూలము పేర్కొనలేదు. కుడివైపునఁ గదలునను మాటను వ్యాఖ్యాతలు పురుషశిశువున కన్వయించిరి. మనుష్యస్త్రీగర్భాశయమునఁ గుడియెడమల యరలు లేవు గావున నది నిలువదు. ఇఁక మానవాండము మిల్లీమీటరులోఁ బదవవంతు ప్రమాణము గలది. స్తన్యపాయిజంతువుల యండమును ఫాన్ బేయరు 1827లోఁ గాని కనుఁగొనలేదు. కాఁబట్టి యైదు రాత్రుల బుడగ యుపమానపుఁ బొందికయే గాని పరీక్షాఫలము గాదు. దానిని జూపి పురాణమును శాస్త్రముగా నిలుపఁబూనుట పురాణమునకు గౌరవము చేయుట గాదు.

వైద్యు లీ విషయమున నెంత జాగరూకులో చూడఁదగును. ఏ యంగము ముందు పుట్టునను ప్రశ్నకు సుశ్రుతసంహిత మతభేదములను వరుసగాఁ జెప్పినది. శౌనకుఁడు శిరస్సనెను, కృతవీర్యుఁడు హృదయ మనెను, పారాశర్యుఁడు నాభి యనెను, మార్కండేయుఁడు కరచరణము లనెను, సుభూతిగౌతముఁడు నడుమి దేహ మనెను. ధన్వంతరి యన్నియు నొక్కమాఱే పుట్టుననియు, సూక్ష్మము లగుటచేఁ గనఁబడవనియుఁ జెప్పి, వెదురుమొలకను మామిడిపండును దృష్టాంతములుగాఁ జూపెను. చరకసంహితలోని యిట్టి చర్చయందు మారీచి కశ్యపుఁడు, ప్రత్యక్షము గానిదగుటచే నది యచింత్య మనెను. తెలియనిదానిని దెలియ దనుట శాస్త్రలక్షణము. పురాణమున నీ సంశయము లేదు, ఉండవలసిన పనియు లేదు.

అంతకంటె ముఖ్యమైన భేద మొకటి కలదు. సుశ్రుతుఁడు నాలవ నెలలో బిడ్డ హృదయము వ్యక్తమగుటచేఁ దల్లిని ద్విహృదయ యనెను. ఆమె కోరికలు తీర్పవలె ననెను. అక్కడఁ దల్లి పిండము నుంచిన పాత్ర గాదు, రెండు హృదయములు గల మనిషి. భాగవతమున నన్ననో, ఆమె తినిన కారము, ఉప్పు, పులుపు శిశువును గాల్చు సాధనములు. ఆమె ప్రేవులు చెఱసాల గోడలు. ఈ మాట లన్నియు వినుచున్నదియు నొక తల్లియే. చెప్పుచున్నవాఁ డామె కడుపునఁ బుట్టినవాఁడు. ఆమె యెదురు చెప్పలేదు.

ఇక్కడ మూలములోని రెండు పదములు పరిశీలింపఁదగినవి. గర్భమున నంజలి ఘటించి ప్రార్థించు జీవుని వ్యాసమూలము సప్తవధ్రి యన్నది. వధ్రి శబ్దమునకు వారు, తోలుపట్టె యని యర్థము; ఏడు ధాతువులనెడి యేడు వారులచేఁ గట్టువడినవాఁడని బహువ్రీహి. ఆ జీవునే మఱల దశమాస్యుఁ డన్నది. ఈ రెండు పదములును ఋగ్వేద పంచమమండలములోని 78వ సూక్తమునఁ గలసి కనఁబడును. ఆ సూక్తమునకు ఋషి సప్తవధ్రి. చెట్టుబోదెలోఁ జిక్కిన యాతని నశ్వినులు విడిపించిరి. దాని కడపటి మూఁడు ఋక్కులు పదినెలల శిశువు మావితోఁ గూడ సుఖముగ వెలువడుటను గోరును. తామరకొలను గాలికిఁ గదలినట్లు గర్భము గదలవలెనని యచట నుపమానము. సజీవయగు తల్లినుండి సజీవుఁడై బిడ్డ రావలెనని తుది కోరిక. ఆ కోరికలో నిద్దఱును గలరు. పురాణము వేదమునుండి కట్టును గైకొన్నది, నెలల లెక్కను గైకొన్నది, విడుదలను గైకొన్నది. తల్లిని మాత్రము విడిచినది.

పుట్టిన పిమ్మటను దుఃఖమే. మలినమైన పక్కపైఁ బడియుండి, పురుగులు కఱచుచున్నను గోఁకికొనలేక, ఇతరులు తన మనసు తెలియక పోషించుచుండఁగా శిశు వేడ్చును. అమరసింహుఁడు శిశువునకుఁ జెప్పిన నామములలో వెలికిలఁ బండుకొనునది యను నర్థమున నుత్తానశయ, పాలు ద్రావునది యను నర్థమున స్తనంధయి కలవు. స్తనంధయశబ్దమునకుఁ బాణిని 3-2-29వ సూత్రమున ఖశ్ప్రత్యయమును విధించెను. ఉత్తానశయశబ్దమునఁ బిల్ల యొంటరి. స్తనంధయశబ్దమునఁ దల్లి యుపపదమై నిలిచియున్నది. తృతీయస్కంధము మొదటి నామమునే వ్యాఖ్యానించినది. రెండవదానికి దశమస్కంధము వ్యాఖ్య.

దశమమున నవే సంగతులు మఱల వచ్చును. బాలకృష్ణుఁడు ప్రక్కకుఁ దిరిగిన నాఁడు యశోద యుత్సవము చేసి, వచ్చినవారిని బూజించు సందడిలో, బండి క్రింద నున్న బిడ్డ పాలకై యేడ్చుట వినలేదు. వినఁబడని యేడ్పే తృతీయమునందును గలదు. అక్కడ నది దుఃఖమునకుఁ బ్రమాణము. ఇక్కడ శిశువు తన్నఁగా బండి తలక్రిందగును, తల్లి పరుగున వచ్చును. ఒక్క సంగతినే ఋషి వెలుపలినుండి లెక్కించెను, తల్లి దగ్గఱనుండి చూచెను. బోర్లపడిన నాఁడు బొబ్బట్లు, అడుగులు వేసిన నాఁడు అరిసెలు చేయు తెలుఁగిండ్లవారి కీ రెండవ చూపు క్రొత్తది గాదు.

శ్రీకృష్ణుఁడు పరమాత్మ, తృతీయస్కంధశిశువు కర్మబద్ధుఁడగు జీవుఁడు. వీరిని బోల్చుట యసంగత మని యాక్షేపము రావచ్చును. అది సరి గాదు. ఆ భేదము శిశువు తత్త్వమునందుఁ గలదు గాని పోషించువారి చేఁతలందు లేదు. యశోద తాను పెంచుచున్నది పరమాత్మ నని యెఱిఁగి పాలీయలేదు. మన్ను తిన్నవాని నోటఁ బ్రపంచమును గాంచినపు డామె యా నోటిలో వ్రేపల్లెను, తన్నును గూడఁ జూచెను. తృతీయమునఁ దల్లిలో శిశువు. దశమమున శిశువులోఁ దల్లి. ఆ యెఱుకయు నిలువలేదు. పుత్రస్నేహము మఱలఁ గప్పినది.

కట్టు సంగతియు నట్టిదే. సప్తవధ్రి తల్లి యుదరమునఁ గట్టువడి విడుదలకై వేఁడును. దామోదరపదమును విగ్రహించినచో, త్రాడు ఉదరమునఁ గలవాఁడని బహువ్రీహి. ఒకచోట నుదరము బంధస్థానము. వేఱొకచోట నుదరమే బద్ధము. మొదటి కట్టు కర్మ వేసినది, రెండవది తల్లి వేసినది. రెండంగుళములు చాలని త్రాడుతో నామె యలసిపోవఁగాఁ జూచి యా బాలుఁడు తానే కట్టువడెను.

కావునఁ గపిలుని గర్భవర్ణనము భాగవతమునకుఁ గడపటి మాట గాదు. అది పూర్వపక్షము, సిద్ధాంతము గోకులమునఁ గలదు. దేవహూతి పలుకని ప్రత్యుత్తరమును యశోద చేతలతోఁ జెప్పినది. తృతీయమును మాత్రమే చదివి గర్భమును నిందించువారును, దానినే చదివి శాస్త్రమని పొగడువారును, ఆ యుత్తరమును వినకయే గ్రంథమును మూసినవా రగుదురు.