రక్తనాళాలకు ఎంత తీవ్రమైన వ్యాయామం మేలు?
కొన్ని పరీక్షలపై విమర్శ

వ్యాయామం రక్తనాళాలకు మేలు చేస్తుందన్న మాటలో నేడు వివాదం లేదు. అది ఎంత తీవ్రంగా ఉండాలన్నదే వివాదం. నెమ్మదిగా చాలాసేపు నడిస్తే చాలునా? లేక గుండె వేగంగా కొట్టుకొనేటట్లు కొద్ది నిమిషాలు శ్రమించి, నడుమ నడుమ తేరుకోవడం మేలా? ఈ ప్రశ్నపై జరిగిన పరీక్షలు ఒకదానితో ఒకటి పొసగనట్లు కనబడుతున్నవి. అందుకు కారణం చాలావరకు వాటిని జరిపిన తీరులోనే ఉన్నది.

ముందుగా వారు కొలిచినదేమిటో తెలియాలి. ధమని లోపలివైపు ఒకే కణం మందాన పలుచని పొర ఉంటుంది. దీనిని ఎండోథీలియం అంటారు. వ్యాయామ సమయంలో రక్తప్రవాహం హెచ్చి ఈ పొరను ఒరుసుకొని పోతుంది. ఆ ఒరిపిడికి పొరలోని కణాలు నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును విడుదల చేస్తవి. అది ధమని గోడలోని కండరాలను సడలించగా ధమని వెడల్పవుతుంది. ఈ పొర దెబ్బతింటే అసిటైల్ కోలిన్ అనే పదార్థం ధమనిని సడలించలేదని 1980లో ఫర్చ్‌గాట్, జవాడ్‌స్కీ చూపించారు. ఆ మార్గంలో సాగిన పరిశోధనలకు 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు నోబెల్ బహుమానం లభించింది.

పొర ఆరోగ్యాన్ని కొలవడానికి సులభమైన పద్ధతి ఒకటి ఉన్నది. ముంజేతికి పట్టీ బిగించి 5 నిమిషాలు రక్తాన్ని ఆపుతారు. పట్టీ వదలగానే రక్తం ఉరకలు వేస్తుంది. అప్పుడు దండచేతి ధమని ఎంత వెడల్పయిందో అల్ట్రాసౌండ్‌తో చూస్తారు. 4 మిల్లీమీటర్ల ధమని 4.3 మిల్లీమీటర్లయితే, పెరుగుదల 7.5 శాతం అన్నమాట.

2003లో జపానులోని హిరోషిమా శాస్త్రజ్ఞులు 26 మంది ఆరోగ్యవంతులైన యువకులపై జరిపిన పరీక్షను ప్రకటించారు. వీరిని మూడు జట్లు చేసి, గరిష్ఠ ప్రాణవాయు వినియోగంలో 25, 50, 75 శాతం స్థాయిలలో 12 వారాలపాటు సైకిలు యంత్రం తొక్కించారు. అసిటైల్ కోలిన్ ఇచ్చినప్పుడు ముంజేతి రక్తప్రవాహం మునుపటికంటె హెచ్చినది 50 శాతం జట్టులోనే. 75 శాతం జట్టులో ఆక్సీకరణ వల్ల కలిగే హాని చిహ్నాలు పెరిగినవి. మితవ్యాయామమే మేలని దీని సారాంశం.

2007లో నార్వేలోని ట్రోండ్‌హైమ్ నుండి ఇందుకు విరుద్ధమైన ఫలితం వచ్చింది. 27 మంది గుండె బలహీనపడిన వృద్ధులలో కొందరు హృదయస్పందన గరిష్ఠవేగంలో 90–95 శాతం వరకు నాలుగేసి నిమిషాలు, విరామాలిస్తూ నాలుగుమార్లు శ్రమించారు. కొందరు 70–75 శాతంలో ఎడతెగక నడిచారు. ప్రాణవాయు వినియోగ శక్తి మొదటి జట్టులో 46 శాతం, రెండవ జట్టులో 14 శాతం పెరిగింది. ధమని వ్యాకోచం కూడ మొదటి జట్టులోనే ఎక్కువ మెరుగయింది.

ఈ రెండింటిని తూచి ఒకటి ఒప్పు, రెండవది తప్పు అనడం తొందరపాటు. ఒకచోట యువకులు, మరొకచోట రోగులైన వృద్ధులు. ఒకచోట కొలబద్ద ప్రాణవాయువు, మరొకచోట నాడి. ఒకచోట 30 నిమిషాల నిర్విరామ శ్రమ, మరొకచోట విరామాలతో కూడిన శ్రమ. వీటన్నిటికి మించి, జట్టుకు పదిమంది కూడ లేరు. అంత చిన్న జట్టులో ఒకరిద్దరి ఫలితమే సగటును అటో ఇటో లాగివేయగలదు.

చిన్న పరీక్షలను కలిపి చూస్తే ఈ లోపం పూర్తిగా తీరుతుందా? 2015లో ఏడు పరీక్షలను, మొత్తం 182 మందిని కలిపి లెక్కించగా, ధమని వ్యాకోచం తీవ్రవ్యాయామంతో 4.31, మితవ్యాయామంతో 2.15 శాతం పెరిగినట్లు తేలింది. అదే సంవత్సరం బెల్జియంలో ఒక్క పరీక్షలోనే 200 మంది హృద్రోగులను చేర్చుకొన్నారు. రెండు జట్లూ మెరుగుపడినవి. వాటి మధ్య గణనీయమైన తేడా కనబడలేదు.

దీనికి ముఖ్యమైన కారణం ఆ పరీక్ష లెక్కలలోనే దొరుకుతుంది. తీవ్ర జట్టుకు 90–95 శాతం చేయమని చెప్పగా, వారు సగటున 88 శాతం చేశారు. మిత జట్టుకు 70–75 చెప్పగా, వారు 80 దాకా పోయారు. ఐరోపాలోని తొమ్మిది కేంద్రాలలో 261 మంది గుండె బలహీనత గల రోగులపై జరిపి 2017లో ప్రకటించిన పరీక్షలో ఇది మరింత స్పష్టం. తీవ్ర జట్టులో 51 శాతం మంది చెప్పినదానికంటె తక్కువగా, మిత జట్టులో 80 శాతం మంది చెప్పినదానికంటె ఎక్కువగా శ్రమించారు. అక్కడ కూడ గుండె పరిమాణంపై తీవ్రవ్యాయామం ఆధిక్యం చూపలేదు. మందుచీటీలో వ్రాసిన మోతాదు ఒకటి, రోగి మింగినది మరొకటి అయినప్పుడు, ఫలితాన్ని చీటీకి కట్టడం న్యాయం కాదు. ఇటువంటి పరీక్ష రెండు తీవ్రతలు సమానమని నిరూపించదు. వాటిని చక్కగా వేరుచేయలేకపోయినదని మాత్రమే చెబుతుంది.

అయినా ఆ పొరపాటు కూడ ఒక నిజాన్ని తెలుపుతున్నది. పర్యవేక్షణ ఉన్నచోటనే మనుషులు మధ్యస్థాయికి జరిగిపోతున్నారు. కనుక నెలల తరబడి విడువక చేయగల వ్యాయామమే లెక్కలోకి వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు వారానికి 150 నుండి 300 నిమిషాల మితవ్యాయామం గాని, 75 నుండి 150 నిమిషాల తీవ్రవ్యాయామం గాని చాలునని ఈ రెండు దారులనూ తెరచి ఉంచింది. హృద్రోగులు మాత్రం వైద్యుని అడగకుండా తీవ్రవ్యాయామానికి పూనుకోరాదు.

తరగతిలో ఇటువంటి వార్త చదివినప్పుడు విద్యార్థులు శాతాలను వల్లించడానికి ముందు మూడు ప్రశ్నలు వేయాలి: ఎందరిపై చేశారు? ఎవరిపై చేశారు? చేయమన్నది నిజంగా చేశారా? మూడవ ప్రశ్నకు జవాబు తరచు వ్యాసం శీర్షికలో ఉండదు. లోపలి పట్టికలలో వెదకి తీయవలసి ఉంటుంది.