కర్త లేని క్షమాపణము: కొన్ని విద్యాలయ పత్రముల భాష

2017వ సంవత్సరము ఏప్రిల్ మాసమున, అమెరికా దేశమందు కనెక్టికట్ రాష్ట్రములోని వాలింగ్‌ఫర్డ్ పట్టణమున నున్న చోట్ రోజ్‌మరీ హాల్ అను ఆవాస పాఠశాల ఒక నివేదికను ప్రకటించెను. 1963 మొదలు 2010 వఱకు ఆ పాఠశాలలో ఉపాధ్యాయులు కొందఱు తమ చేతి క్రింది విద్యార్థులపై లైంగిక దౌర్జన్యము సలిపిరనియు, వారిలో పండ్రెండుగురి పేర్లివి యనియు అందు వ్రాయబడి యున్నది. ధర్మకర్తల మండలి నియోగింపగా ఒక న్యాయవాది పూర్వవిద్యార్థులను విచారించి, పాత కాగితములను పరిశోధించి దానిని కూర్చెను. అధ్యక్షుడు కెన్నెడీ చదివిన బడి యగుటచే వార్తాపత్రికలు దీనిని గూర్చి విస్తారముగా వ్రాసినవి. అట్టి పత్రముల వాక్యరచనను గూర్చి ఈ వ్యాసమున విచారింపదలచితిని.

ఇది తెలుగు శాఖవారి పత్రికకు తగిన విషయమా యని కొందఱకు శంక కలుగవచ్చును. మన శాఖలలో శాసనములను చదువుట చిరకాలముగా నున్న పని. దానశాసనము దొరికినప్పుడు మనము మొదట నడుగు ప్రశ్నలేవి? ఇచ్చినవా డెవడు, పుచ్చుకొన్నవా డెవడు, సాక్షులెవరు, ఏ నాడు? ఈ నాలుగింటిలో నొకటి శిథిలమైనచో ఆ శాసనము విలువ అంతమేరకు తగ్గును. ఒక విద్యాలయము తన గతమును గూర్చి వ్రాయు పత్రమును గూడ ఈ ప్రశ్నలతోనే చదువవచ్చును. అచ్చట శైథిల్యము కాలము వలన గాక, వ్రాసినవాని యిచ్ఛ వలన కలుగుచుండుట యొక్కటే భేదము.

మొదట వ్యాకరణమును గూర్చి కొంచెము చెప్పవలసియున్నది. ఆంగ్లమున కర్మణి ప్రయోగము నిత్యవ్యవహారములోనిది. అందు కర్తను చెప్పకయే వాక్యమును ముగింపవచ్చును. వాక్యమునకు కొఱత కలిగినట్లు తోపదు. తెలుగున కర్మణి ప్రయోగమునకు ‘బడు’ ధాతువును చేర్చుదుము. అది శాస్త్రసమ్మతమే యైనను నాలుకకు సహజము కాదు. పల్లెలో నెవ్వరును ‘నేను కొట్టబడితిని’ అనరు, ‘నన్ను కొట్టినారు’ అందురు. కావున ఆంగ్లమున నున్న యిట్టి క్షమాపణ పత్రమును తెలుగు చేయబూనిన వానికి వాక్యవాక్యమునకును ‘ఎవరు?’ అను ప్రశ్న యెదురగును. అయితే మన భాష నిర్దోషియని గర్వింపబనిలేదు. ‘జరుగు’ అను ధాతువు మనకున్నది. ‘పొరపాటు జరిగినది’, ‘అన్యాయము జరిగినది’ అని చేసినవాడే చెప్పి తప్పించుకొనుటకు అంతకన్న అనువైన మాట యే భాషలోను లేదేమో!

ఇక పత్రములకు వత్తము. ఐర్లండు దేశమున అనాథలకును, పేద బాలురకును క్రైస్తవ మతసంఘములు నడపిన పారిశ్రామిక పాఠశాలలుండెడివి. డబ్లిన్‌లోని ఆర్టేన్, గాల్వే మండలములోని లెటర్‌ఫ్రాక్ అనునవి వానిలో ప్రసిద్ధములు. ఈ రెంటిని నడపినది క్రిస్టియన్ బ్రదర్స్ అను సంఘము. 1998లో ఈ సంఘము ఒక ప్రకటనను వెలువరించెను. తమ సంరక్షణలో నుండగా కష్టమనుభవించిన వారెవరైన నున్నచో వారికి తమ విచారమును తెలుపుచున్నామని అందలి యొక వాక్యము తాత్పర్యము. ఇందు ‘అనుభవించుట’ అను క్రియకు కర్త బాలుడు. ఆ వాక్యమున కష్టపెట్టుట యను క్రియయే లేదు.  అందు సంఘము కర్తగా నున్న క్రియ ‘తెలుపుచున్నాము’ అనునది. అనగా ఆ వాక్యములో సంఘము తాను చేసినట్లుగా ఒప్పుకొన్నది విచారమును తెలుపుట మాత్రమే. ఐర్లండు ప్రభుత్వము నియమించిన విచారణ సంఘము 2009 మే 20న అయిదు సంపుటముల నివేదికను ప్రకటించినప్పుడు ఈ ప్రకటనను పరిశీలించి, ఇది ఆచితూచి షరతులతో వ్రాసినది, అస్పష్టమైనది, దీనిని క్షమాపణ మనవచ్చునా యన్నదియే సందేహమని తేల్చెను. విచారణ సంఘము చేసిన భాషావిమర్శ యని దీనిని మనవారు గుర్తింపదగును.

దీనితో పోల్చవలసినది 1999 మే 11న ఆ దేశపు ప్రధానమంత్రి ప్రభుత్వము పక్షమున చెప్పిన క్షమాపణము. తాము అడ్డుపడలేదనియు, పిల్లల బాధను కనిపెట్టలేదనియు, రక్షింప రాలేదనియు, ఇది తామందఱు కలిసి చేసిన తప్పనియు అందలి సారాంశము. ఇవి యన్నియు వ్యతిరేక క్రియలు. మన వ్యాకరణములో వ్యతిరేకక్రియకు ప్రత్యేకరూపమున్నది; ‘చూడము, వినము, అడ్డుపడము’ అను నొక్కొక్క మాటలో క్రియయు, దాని లేమియు, ఆ లేమికి బాధ్యుడైన పురుషుడును ఇమిడియున్నారు. ఆ క్షమాపణమునకు సరియైన తెలుగు ఇట్టి రూపములతోనే వచ్చును. విద్యాలయముల విషయమున అసలు ప్రశ్న యీ వ్యతిరేక క్రియలను గూర్చినదే యని నా యభిప్రాయము. దౌర్జన్యము చేసినవాడు ఒక వ్యక్తి; ఆ క్రియకు వాడే కర్త. పాఠశాల కర్తగా నుండదగిన క్రియలు వేఱు: ఎఱిగి యుండుట, చెప్పకుండుట, మఱియొక చోటికి పంపుట. ఈ మూడింటికి తాను కర్తనని ఒప్పుకొనని పాఠశాల యెంత విచారము ప్రకటించినను, అది యితరుల తప్పునకు విచారించుటయే యగును.

హొరేస్ మాన్ పాఠశాల విషయము వేఱొక విధమైనది. న్యూయార్కు నగరమందలి యీ పాఠశాలలో 1960ల మొదలు 1990ల వఱకు జరిగిన అకృత్యములను 2012 జూన్‌లో ఆ పాఠశాల పూర్వవిద్యార్థి యైన ఏమస్ కామిల్ న్యూయార్క్ టైమ్స్ వారి పత్రికలో బయటపెట్టెను. పాఠశాల కొందఱికి పరిహార మిచ్చెను, 2013లో క్షమాపణ లేఖ వ్రాసెను. కాని స్వతంత్ర విచారణమునకు ఒప్పుకొనలేదు. అప్పుడు పూర్వవిద్యార్థులే పూనుకొని, ఒక విశ్రాంత న్యాయమూర్తి ఆధ్వర్యమున తామే విచారణ జరిపించి 2015లో నివేదికను ప్రకటించిరి. 60 మందికి పైగా విద్యార్థులను, 22 మంది సిబ్బందిని గూర్చి అందున్నది. పాఠశాల చేతిలోని కాగితములు లేకయే ఆ నివేదిక తయారైనది. శాసనభాషలో చెప్పవలెనన్న, దాత శాసనము వేయింపనందున సాక్షులే వేయించిరి. అట్టి దానికి సహజముగా ఒక లోపముండును: ఎవరు బాధపడిరో అది చెప్పగలదు, ఎవరెఱుగుదురో సంపూర్ణముగా చెప్పజాలదు. ఆ యెఱుక కాగితములలో, కచేరి బీరువాలలో నున్నది. నాటి న్యూయార్కు చట్టము ప్రకారము ఫిర్యాదు చేయు గడువు అందఱికి ఎప్పుడో దాటిపోయినందున న్యాయస్థానము గూడ వానిని తెప్పింపలేదు. ఆ గడువును పెంచు చట్టము 2019లో గాని రాలేదు.

చోట్ నివేదిక విలువ యిచ్చటనే కలదు. పాఠశాల తన కాగితములను తానే తెఱచి చూపెను. వానిని బట్టి తేలిన దేమి? ఇట్టి విషయములను లోలోపలనే, గుట్టుగా చక్కబెట్టుకొనిరి. ఒక ఉపాధ్యాయుడు సంవత్సరము నడుమ హఠాత్తుగా వెడలిపోయినను తక్కిన ఉపాధ్యాయులకు కారణము చెప్పెడివారు కారు; చెప్పినప్పుడు, ఎవరైన అడిగిన నేమియు అనవలదని హెచ్చరించెడివారు. ఇట్లు వెడలిపోయినవారు కొందఱు వేఱు పాఠశాలలలో చేరి మరల పిల్లల నడుమకు వచ్చిరి. ‘రాజీనామా చేసెను’ అను క్రియను గమనింపుడు. అందు కర్త ఉపాధ్యాయుడు. అది స్వేచ్ఛాక్రియ వలె కనబడును. పాఠశాల ఆతనిని పంపివేసిన సంగతి ఆ క్రియ చాటున దాగును. పాఠశాల దస్తరములలో ఆ వెడలిపోవుటకు వ్రాసిన క్రియ యొకటి, నివేదిక వెలికితీసిన క్రియ మఱియొకటి. అర్ధశతాబ్ది కాలము ఒక సంస్థ తన కర్తృత్వము నెట్లు తుడిచివేసికొన్నదో ఈ రెండు క్రియలను ప్రక్కప్రక్కన పెట్టి చదివిన తెలియును.

ఈ నివేదికకును లోపములున్నవి. విచారించినది పాఠశాల తెచ్చుకొన్న న్యాయవాది. కూలి యిచ్చినవాడు యజమాని యగునప్పుడు కొంత సందేహము తప్పదు. న్యాయస్థానమున తీర్పు లేక పేర్లు ప్రకటించుట న్యాయమా యను ఆక్షేపణయు కలదు. పేరు ప్రకటించుటకు తాను పెట్టుకొన్న ప్రమాణములను నివేదిక వివరించినది గనుక ఈ రెండవ ఆక్షేపణ నాకు బలముగా తోపదు. నివేదిక శిక్ష వేయదు, సాక్ష్యమును నిలుపును.

పేర్ల విషయమున ఒక విశేషమున్నది. చోట్ నివేదికలో ఉపాధ్యాయులకు పేర్లున్నవి, విద్యార్థులకు సంఖ్యలే యున్నవి. ఐర్లండు నివేదికలో క్రిస్టియన్ బ్రదర్లకు సైతము మాఱుపేర్లే. ఆ సంఘము 2004లో న్యాయస్థానమున వ్యాజ్యము నడపి ఆ రక్షణను పొందినది. పేరు దాచుట యను ప్రక్రియ రెండింట నొక్కటే. ఒకచోట అది పసివానికి కప్పిన దుప్పటి, మఱియొకచోట పెద్దవానికి కట్టిన గోడ. అదే దేశమున సంపన్నుల పిల్లలు చదువు పాఠశాలలతో సహా 308 పాఠశాలలకు సంబంధించి 2,395 ఆరోపణలున్నవని 2024 సెప్టెంబరులో మఱియొక ప్రాథమిక నివేదిక వెలువడినది. 2009 నాటికే అంతయు తెలిసిపోయినదని తలచినవారు అనేకులుండిరి.

మన ప్రాచీనులకు ఈ ‘ఎఱిగి యుండుట’ యను క్రియ తెలియనిది కాదు. మనుస్మృతి పదునొకండవ అధ్యాయమున మహాపాతకములు అయిదు చెప్పబడినవి. బ్రహ్మహత్య, సురాపానము, స్తేయము, గురుపత్నీగమనము తొలి నాలుగు. అయిదవది యీ నలుగురితోడి సంసర్గము. ఇందు రెండు సంగతులు గమనింపదగినవి. గురువు ఇంటి విషయమున శిష్యుడు చేయు ద్రోహమునకు మహాపాతకములలో పేరున్నది. శిష్యుని విషయమున గురువు చేయు ద్రోహమున కచ్చట పేరు లేదు. గురువు అట్టి పని చేయడని నమ్మిరో, చేసినను పేరు పెట్టుటకు జంకిరో చెప్పలేము. కాని అయిదవ పాతకము ఆ లోపమును కొంత పూడ్చుచున్నది. పాపము చేయకయే, చేసినవానితో కలిసి యుండుట వలన పతితుడగువా డొకడు కలడని ఆ గ్రంథము ఒప్పుకొన్నది. అట్టి సహవాసమునకు ఒక సంవత్సరమను గడువును గూడ విధించినది. పాఠశాల గదిలో ఉపాధ్యాయుల సమావేశమున నోరు మెదపక కూర్చున్నవారు ఈ అయిదవ కోటిలోనివారు.

నేడు మనము వాడుచున్న ‘బాధితుడు’ అను మాటను గూర్చి ఒక మాట. ఇది కర్మార్థమున క్త ప్రత్యయము చేరిన సంస్కృతపదము, బాధింపబడినవాడని యర్థము. కర్త లేకుండుట ఈ పదము పుట్టుకలోనే యున్నది. ఆంగ్లమున ఇటీవల సర్వైవర్ అను మాటను వాడుచున్నారు. బ్రతికి బయటపడినవాడని దాని భావము, అందు ఆ మనిషియే కర్త. తెలుగు పత్రికలు దీనికి ఇంకను స్థిరమైన మాటను ఏర్పఱచుకొనలేదు. చోట్ నివేదికలో సంఖ్యలతో కనబడు ఆ విద్యార్థులు పెద్దవారై, దశాబ్దముల తరువాత వచ్చి, తమంత తాము చెప్పినవారు. చెప్పుట యను క్రియకు వారే కర్తలు. వారిని ‘బాధితులు’ అని తెలుగు చేసినచో ఆ కర్తృత్వము జాఱిపోవుచున్నది; ‘చెప్పినవారు’ అన్నచో అర్థము చాలదు.

మన దేశమున 2012లో చేసి, ఆ సంవత్సరము నవంబరు 14 నుండి అమలుపఱచిన బాలల లైంగిక రక్షణ చట్టమును వ్రాసినవారు ఈ వ్యాకరణమును కొంతవఱకు ఎఱిగినట్లున్నది. నేరము జరిగినదని యెఱిగిన ప్రతివ్యక్తియు పోలీసులకు తెలుపవలెనని పందొమ్మిదవ విభాగము చెప్పుచున్నది. ఎఱుగుట యను క్రియకు అందు కర్త ‘ఏ వ్యక్తియైనను’ అని స్పష్టముగా నున్నది. ఇరువది యొకటవ విభాగము ఇంకొక అడుగు ముందుకు వేసి, తన చేతి క్రింది సిబ్బంది చేసిన నేరమును తెలుపని సంస్థాధిపతికి ఒక సంవత్సరము వఱకు కారాగారశిక్షను విధించుచున్నది. తమ ప్రధానాచార్యులకు వ్రాయు లేఖలో ‘జరిగినట్లు తెలియవచ్చినది’ అని వ్రాయు అలవాటు మన పాఠశాలల కచేరులలో నేటికిని కలదు. ఎవరికి తెలియవచ్చినదో, ఏ దినమున తెలియవచ్చినదో ఆ వాక్యములో నుండదు.