‘ధనక్’: తమ్ముడి చూపు కోసం అక్క ప్రయాణం

కథల్లో ప్రయాణం దూరం దాటించడానికి మాత్రమే ఉండదు. పాత్రల స్వభావాన్ని బయటపెట్టేదీ అదే. ఈ విషయాన్ని ఒక సినిమా ఆధారంగా పరిశీలిద్దాం. హైదరాబాదుకు చెందిన నాగేశ్ కుకునూర్ హిందీలో తీసిన ‘ధనక్’ 2015లో బెర్లిన్ చలనచిత్రోత్సవంలో బాలల విభాగంలో బహుమతి పొందింది. 2016 జూన్‌లో మన దేశంలో విడుదలైంది. తరవాత ఉత్తమ బాలల చిత్రంగా జాతీయ పురస్కారం కూడా అందుకొంది. ధనక్ అంటే ఇంద్రధనుస్సు.

కథ చిన్నది. రాజస్థాన్‌లో ఒక పల్లె. తల్లిదండ్రులు లేని పరీ, ఛోటూ బాబాయి ఇంట్లో పెరుగుతుంటారు. పరీకి పదేళ్లు, తమ్ముడికి ఎనిమిది. అతనికి చూపు లేదు. తొమ్మిదో పుట్టినరోజు నాటికి చూపు తెప్పిస్తానని అక్క మాట ఇస్తుంది. నేత్రదానం చేయమని షారుఖ్ ఖాన్ కోరుతున్న పోస్టరు ఆమె కంటపడుతుంది. ఆయనకు ఉత్తరాలు రాస్తుంది. జైసల్మేర్‌లో ఆయన షూటింగు ఉందని తెలిశాక, తమ్ముణ్ణి వెంటబెట్టుకొని ఇంట్లో చెప్పకుండా బయలుదేరుతుంది.

ఇక్కడ ఛోటూ పాత్రను మీరు ప్రత్యేకంగా గమనించండి. చూపులేని పిల్లవాడంటే జాలి పుట్టించేలా చూపడం మన సినిమాలకు అలవాటు. ఛోటూ అలా ఉండడు. వాగుడుకాయ, తిండిపోతు, అక్క షారుఖ్ అంటే తాను సల్మాన్ అని పోట్లాడేవాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. వీడి నోరు అంత మంచిదేమీ కాదు గాని, దారిలో చాలాచోట్ల పని జరిగేది దానివల్లే. నడిపించేది అక్క అయినా, దారి తెరిచేది తమ్ముడు. కుకునూర్ 2005లో తీసిన ‘ఇక్బాల్’లో మాటరాని అన్నకు చెల్లెలు నోరవుతుంది. ఆ రెండు జంటలను పక్కపక్కన పెట్టి చూస్తే ఇందులోని పంపకం మరింత సమానంగా కనిపిస్తుంది.

అయితే పరీ మాటేమిటి? తమ్ముడి తరగతిలోనే ఉండి సాయం చేయాలని ఆమె కావాలని పరీక్ష తప్పుతుంది. సినిమా దీన్ని ప్రేమగా చూపి ముందుకు పోతుంది. ఒక ఆడపిల్ల చదువు ఖర్చయిందన్న సంగతి దగ్గర అది ఆగదు. చదువు మధ్యలో ఆపి, ఏళ్ల తరవాత ఈ పుస్తకం పట్టుకొన్న మీలో కొందరికి ఆ ఖర్చెంతో నేను చెప్పనక్కరలేదు.

రెండో లోపం లోకం మరీ మంచిదిగా ఉండడం. ఎదురైనవాళ్లలో ఎక్కువమంది అన్నం పెట్టి, కొంతదూరం చేర్చి దింపుతారు. ఇల్లు వదిలిన పిల్లలు దొరికితే 24 గంటల్లోగా బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలని 2015 నాటి బాలల న్యాయ చట్టం చెబుతుంది. ఈ దారిలో ఆ ఊసు లేదు. జానపద కథ అనుకొని చూస్తే సరిపెట్టుకోవచ్చు. కాని పేదరికాన్ని నిజంగా చూపిన సినిమాను పూర్తిగా జానపదం అనలేం.

నాకు బలంగా తోచింది మరొకటి. పరీ ఉత్తరం రాసింది డాక్టరుకు కాదు, సినిమా హీరోకు. నేత్రదానంతో చూపు తిరిగి వచ్చేది కార్నియా దెబ్బతిన్నవారికే. ఛోటూకు అది పనికొస్తుందో లేదో చెప్పేవారు ఆ పల్లెలో లేరు. మీరు తుర్కయంజాల్‌లో ఉన్నారనుకోండి. సాగర్ రోడ్డు మీద బస్సెక్కి ఎల్బీనగర్‌కు, అక్కడి నుంచి మెట్రోలో పంజాగుట్టకు వస్తే బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి దగ్గరే. 1987లో మొదలైన ఆ సంస్థకు భూమి, డబ్బు ఇచ్చింది ఒక సినిమా దర్శకుడు, నిర్మాత. కంటివైద్యం కోసం సినిమావాళ్ల వైపు చూడడం వింత కాదన్నమాట. పరీకి లేనిది ఆ బస్సు.

అభ్యాసం: ఛోటూకు చూపు రాకుండానే సినిమా ముగిసి ఉంటే, పరీ ప్రయాణం వృథా అయ్యేదా? సన్నివేశాల ఆధారంగా పది వాక్యాల్లో రాయండి.